మగ్గం ఆగితే మాట బంద్

నాగరికత అంటే చేత్తో అయ్యే పనిని యంత్రానికి అప్పగించి, ఆపైన యంత్రం చెప్పిన పనిని చేత్తో చేయడం. ధర్మవరంలో ఈ నాగరికత మొదట కాలు పెట్టింది నాగేశ్వర ఇంటి ముందుగదిలో.

ఆ గదిలో ఒక పక్క భార్య ఇంద్రాణి నేసే పట్టుమగ్గం, ఇంకో పక్క చీరల డిజైన్ల కోసం ఎప్పుడో కొన్న కంప్యూటర్. మగ్గం ఆడితే కంప్యూటర్ మాట వినబడదు, ఆగితే చెవులు చిల్లులు పడతాయి. ఎవరైనా స్పీకర్ బొత్తాం తిప్పుకుంటారు. నాగేశ్వర మాత్రం ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి, తనను తానే గృహ శబ్ద నియంత్రణాధికారిగా నియమించుకుని (వేరే అభ్యర్థులు లేరు), కంప్యూటర్‌కు ఒక నిబంధన నేర్పాడు. మైకులో మగ్గం చప్పుడు వినబడితే సౌండు పూర్తిగా పెంచవలెను. చప్పుడు ఆగితే పూర్తిగా తీసివేయవలెను. మానవ జోక్యం నివారించేందుకు స్పీకర్ బొత్తాన్ని పీకి భద్రపరిచాడు. ఎక్కడన్నది ఆయనకూ గుర్తులేదు.

“చేత్తో తిప్పితే పొయ్యేదానికి ఇంత ఆర్భాటం ఏంటికయ్యా?” అంది ఇంద్రాణి.

“నీకు తెల్దులే. ఇది ఆటోమేటిక్.”

బెంగళూరు దుకాణదారు ఉదయ్ కుమార్ ఆ కంప్యూటర్‌కు వీడియో కాల్ చేసే రోజు వచ్చింది. మగ్గం చప్పుడు వింటే చాలు, చేతిదో కరెంటుదో చెప్పేయగల చెవి ఆయనది. చేతిమగ్గమని నమ్మితే ఏడాది పొడవునా చీరలు తానే తీసుకుంటానన్నాడు. ఇక దళారుల గడప తొక్కనక్కర్లేదన్న ఆశతో ఇంద్రాణి మగ్గానికి పసుపు కుంకుమ పెట్టింది. (ఫోన్లోనే మాట్లాడవచ్చుగా అని పాఠకులకు తోచవచ్చు. అధికారికి తోచలేదు.)

పెద్దమనిషి తెరమీద కనబడగానే ఆమె మర్యాదగా మగ్గం ఆపింది. నిబంధన అమలైంది. ఆయన పెదవులు ఆడాయి, మాట రాలేదు.

“నెయ్యి! నెయ్యి!” అని అరిచాడు నాగేశ్వర.

ఆమె నేసింది. ఆయన మాట ఇల్లు అదిరేలా వచ్చింది. ఇంతలో పోగు తెగింది. అతుకుదామని ఆమె ఆగితే ఆయన మళ్లీ మూగబోయాడు.

“నిలపాకే! నెయ్యి!”

తెగిన పోగు తెగినట్టే ఉండగా నేయడం ఇంద్రాణి పుట్టి బుద్ధెరిగి చేయలేదు. అయినా నేసింది. మరిన్ని పోగులు తెగాయి.

“ఏమప్పా, అప్పట్నుంచి ఇంటాండా, నీ మగ్గం నిలిచేదే లేదే! కరెంటుది పెట్టుకోని నా చెవిలో పువ్వు పెడతాండావా?” అన్నాడు ఉదయ్ కుమార్.

“లేదన్నా, మా ఆడమనిషి చేత్తోనే నేస్తాండాది! ఇంద్రాణీ, నిలుపు!”

స్విచ్చి కట్టేసినట్టు మగ్గం టక్కున ఆగింది. ఉదయ్ కుమార్ తల అడ్డంగా ఊపి, మాట వినబడకుండా ఏదో చెప్పి, తెరమీద నుంచి మాయమయ్యాడు.

కాసేపటికి కంప్యూటర్‌కు ఆయన వాయిస్ మెసేజ్ వచ్చింది. వినాలంటే మగ్గం ఆడాలి. ఆడాలంటే పోగులు అతకాలి. ఇంద్రాణి సాయంత్రం దాకా ఒక్కొక్కటే చేత్తో అతికి, నాడె విసిరి మగ్గం ఆడించింది. కంప్యూటర్ నోరు తెరిచింది.

“మీ చీరలొద్దులేప్పా. నెయ్యి, నెయ్యి అంటా ఉంటివే, అదన్నా చేత్తో చిలికిందేనా?”