కొమ్మకో ఏనుగు

ఆదివారం ఆరింటికి రాజాంలో కారెక్కడం, ఏడున్నరకి గెడ్డవలస చేరడం, తొమ్మిదిన్నరకల్లా కొండ మీది ఊట దగ్గర పులిహోర తినడం, ఒంటిగంటకి తిరిగొచ్చి కొట్టు తెరవడం. నగరేశ్వరరావు పథకంలో ఇంతకు మించి ఏమీ లేదు. నిజానికి అది ఆయన వేసిన పథకం కూడా కాదు. ఆయన భార్య కుసుమకుమారి ఇరవై రెండేళ్లపాటు ప్రతి కార్తీకంలోనూ వేసిన పథకమే. ఆషాఢంలో ఆవిడ పోయింది. పథకం మిగిలింది.

ఆవిడ ఉండగా ఈ కొండ నడకకి చుట్టాలూ పక్క కొట్లవాళ్లూ కలిసి ఇరవైమంది దాకా వచ్చేవారు. ఈసారి ముగ్గురు తేలారు. నగరేశ్వరరావు, ఆయన అక్క అప్పలనరసమ్మ, బావమరిది ధనరాజ్. వాళ్లిద్దరికీ ఈ కొండ కొత్త. ధనరాజ్ వచ్చింది కూడా ఈ నడక ఆపించడానికే.

“అక్కే లేదు, ఇంకెందుకు బావా ఇదంతా?” అన్నాడు కారులో. “అసలు నీకు దారి తెలుసునా?”

“ఇరవై రెండేళ్లు నడిసిన దారి తెలీదేటి?”

“సరే, సూద్దాం. దారి తప్పావంటే మాత్రం వచ్చే యేడు నుంచి ఈ నడక ఊసెత్తకూడదు. ఒట్టెయ్.”

నగరేశ్వరరావు ఒట్టేశాడు. వేసి, ధనరాజ్ వైపు చూడకుండా రోడ్డు మీదే కళ్లు పెట్టాడు.

ఎందుకంటే ఆయనకి దారి తెలియదు. ఇరవై రెండేళ్లూ ఆయన కుసుమకుమారి వెనకాలే, ఆవిడ మడమలు చూస్తూ నడిచాడు. అవి ఎటు తిరిగితే అటు తిరిగాడు. దారి అనేది విడిగా ఒకటుంటుందని ఆయనకి ఎన్నడూ తోచలేదు.

వెనక సీట్లోంచి అప్పలనరసమ్మ సంచి గలగలలాడించింది. “ఒరే, ఆరు గ్లాసులు పెట్టాను. ఆరూ తిరిగి రావాల. నీ పెళ్లాంలాగ ఒగ్గీసి రాకు.”

నగరేశ్వరరావుది స్టీలు సామాన్ల కొట్టు. ఏటా కొండ దిగి ఇంటికొచ్చాక ఆయన గ్లాసులు లెక్కపెట్టేవాడు. ఏటా ఒకటి తగ్గేది. “మర్చిపోయావా?” అని అడిగితే కుసుమకుమారి “అవును” అనేది. అంతకు మించి ఏమీ అనేది కాదు.

గెడ్డవలస మొదట్లో కొత్తగా ఒక బోర్డు పెట్టారు. ‘ఏనుగులు తిరుగు ప్రాంతము. జాగ్రత్త.’ కింద ఏనుగుల జాడ చూసే ట్రాకర్ దేవేంద్ర పేరూ, ఫోన్ నంబరూ ఉన్నాయి. ధనరాజ్ నంబరు ఎక్కించుకున్నాడు.

“ఏడు ఏనుగులున్నాయట, బావా. మొన్న అరటితోట తొక్కీసినాయట.”

“నాగావళి దాటి అవతలికి ఎల్లిపోయాయిలే. పేపర్లో వచ్చింది,” అన్నాడు నగరేశ్వరరావు. పేపరు చదివినప్పుడు కలిగిన ధైర్యం, చెప్పేటప్పుడు ఆయన గొంతులో లేదు.

కొండ మీద మంచు ఇంకా విడలేదు. వెదురుపొదల మధ్య పది అడుగులకి అవతల ఏముందో కనిపించడం లేదు. మొదటిసారి దారి రెండుగా చీలినచోట నగరేశ్వరరావు ఆగాడు. ఎడమదారి కొంచెం తెలిసినట్టుంది. కుడిదారీ అలాగే ఉంది. చివరికి ఎడమకి తిరిగి, పచ్చి కొమ్మ ఒకటి విరిచి దారికి అడ్డంగా పడేశాడు. దిగేటప్పుడు గుర్తుగా ఉంటుంది. ఇంటి దగ్గర మూడు రోజులు ఆలోచించి పట్టిన ఉపాయం అది.

“అదేటి, బావా?” అన్నాడు ధనరాజ్.

“కొండమ్మకి. మీ అక్క ఏసేది.”

చనిపోయిన మనిషి పేరు చెప్పి అబద్ధమాడటం ఆయనకి అదే మొదలు. దాని ఫలం వెంటనే దక్కింది.

“నాకెప్పుడూ సెప్పలేదేటి మరి!” అంది అప్పలనరసమ్మ. “అమ్మకి ఒక్క కొమ్మేటిరా, పిసినారి పని!” ఆవిడ మూడు కొమ్మలు విరిచి వేసి దండం పెట్టింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. మలుపు మలుపుకీ మూడు కొమ్మలు వేసింది. పుట్ట కనబడితే అయిదు వేసింది. తాము పోని దారుల్లోకి కూడా నాలుగడుగులు వెళ్లి మరీ వేసి వచ్చింది.

“అటెందుకు, అప్పా?” అన్నాడు నగరేశ్వరరావు అక్కతో, నీరసంగా.

“ఆ దారికీ ఓ అమ్మ ఉంటాది కదరా. అలిగితే?”

మూడో చీలిక దగ్గర ఆయన తన కొమ్మల కోసం వెతికాడు. వెనక్కి చూస్తే అన్ని దారుల్లోనూ కొమ్మలే. ఏది తన గుర్తో, ఏది అక్క భక్తో తేల్చే మార్గం లేదు. ఆ మాట పైకి చెబితే ఒట్టు గుర్తొస్తుంది. ఆయన పెదవులు బిగించి ముందుకు నడిచాడు. ఎక్కడో ఏదో విరిగిన చప్పుడయినప్పుడల్లా ఆగి వింటున్నాడు. సగంసార్లు అది అప్పలనరసమ్మ. మిగతా సగం ఎవరో తెలియడం లేదు.

అప్పుడు కింద డప్పు మోగింది.

ఒకటి కాదు. రెండు, మూడు. వెంటనే టపాకాయ పేలింది. పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

ధనరాజ్ పులిహోర క్యారేజీ గుండెలకి హత్తుకున్నాడు. “ఏనుగుల్ని తోలతన్నారు! కిందనుంచి పైకి తోలతన్నారు!”

“అయితే మనకేటి?” అంది అప్పలనరసమ్మ.

“పైనున్నది మనమే కదప్పా!”

ముగ్గురూ వెనక్కి పరుగెత్తారు. “ఇటు! కొమ్ముంది, ఇటే వచ్చాం!” అన్నాడు నగరేశ్వరరావు. “అటూ ఉన్నాది!” అన్నాడు ధనరాజ్. ఏ వైపు చూసినా అమ్మవారికి లోటు జరగలేదు. డప్పులు దగ్గరవుతున్నాయి. చివరికి కొమ్మలు లేని వైపు, అంటే దారే లేని వైపు, పొదల్లోకి దూరారు. ముళ్లు గీరుకున్నాయి. ధనరాజ్ చేతిలోని పులిహోర క్యారేజీ జారి, రాతి మీంచి రాతి మీదకి గంటలా మోగుతూ లోయలోకి దొర్లిపోయింది.

“పైనున్నాయర్రోయ్! పైనే ఉన్నాయి!” అని కింద ఎవరో కేకపెట్టారు. టపాకాయలు జంటగా పేలసాగాయి.

పెద్ద బండరాయి ఒకటి ముందుకి వంగి గుహలా ఉంటే దాని కింద ముగ్గురూ నక్కారు. అప్పలనరసమ్మ కళ్లు మూసుకుని చేతులు జోడించింది. “అరసవల్లి సూర్నారాయణమూర్తీ! బతికి బయటపడితే రాజాం నుంచి నీ గుడికి నడిసొస్తాను.” ఒక్క క్షణం ఆలోచించి సవరించింది. “కాదు సామీ, ఆటోలో వస్తాను.”

నగరేశ్వరరావు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తనొక్కడే అయితే ఇంత భయపడేవాడు కాదేమో. అక్కకి అరవై ఎనిమిదేళ్లు. ధనరాజ్‌కి చదువుకుంటున్న పిల్లలున్నారు. ఇద్దర్నీ తెలియని దారిలోకి, తెలుసునని చెప్పి తెచ్చింది తను.

ధనరాజ్ బోర్డు మీది నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. “హలో, దేవేంద్ర గారా? కొండ మీద ముగ్గురం సిక్కడిపోయాం. ఏనుగులు మా మీదకొస్తన్నాయండీ!”

“అయ్యబాబోయ్, పైన మనుసులున్నారా? కదలకండి! ఎన్ని కనబడతన్నాయి?”

“కనబడలేదండీ. సప్పుడు ఇనబడతన్నాది.”

“ఎలగుంది సప్పుడు?”

“డప్పులండీ. మధ్యలో టపాకాయలు.”

“అవి మావండీ. ఏనుగులయి సెప్పండి. ఇందాక గిన్నెలు తొక్కీసినట్టు పెద్ద మోత మోగినాది, మీరినలేదా?”

“అది మా పులిహోరండీ.”

“మరి కొమ్మలో?” అన్నాడు దేవేంద్ర. “మా ఊళ్లో ఏనుగుని సూసినోడు, ఎనకాలొచ్చినోలు ఆగిపోడానికి, దారికడ్డంగా కొమ్మేస్తాడండీ. ఏనుగుకో కొమ్మ. మా ఊరి జగ్గమ్మ సీపురుగడ్డికొచ్చి సూసి పరిగెట్టుకొచ్చినాది. మేం లెక్కెట్టినాం, నలబయ్యేడు. ఒడిసా మంద మొత్తం దిగిపోనాదని ఊరు కాళీ సేయించేస్తన్నాం. ముసలోల్ని ట్రాక్టరెక్కిస్తన్నారు. ఆ కొమ్మలేసినోడు మీకేటైనా కనబడినాడా?”

ధనరాజ్ మెల్లగా తల తిప్పి బావని చూశాడు. అప్పలనరసమ్మ తన చేతులకంటిన ఆకుపసరు చూసుకుంది.

ఊరుకుంటే దారి తెలియని సంగతి బయటపడదు, నడకా మిగులుతుంది. కింద ముసలివాళ్లు ట్రాక్టరెక్కుతారు. నగరేశ్వరరావు ఫోను అందుకున్నాడు.

“బాబూ, కొమ్మలు వేసింది నేను. గుర్తు కోసం వేశాను. నాకు దారి తెలీదు.” కొంచెం ఆగాడు. “మా ఆవిడ చూపించేది.”

ఫోన్‌లో దూరంగా దేవేంద్ర గొంతు, “ఒరే, డప్పులాపండ్రా,” అనడం వినిపించింది.

డప్పులు ఆగాయి. కొండంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో బండరాయి వెనక నించి సన్నగా నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది.

నగరేశ్వరరావు లేచి అటు వెళ్లాడు. ఊట. ఎప్పుడూ ముందు వైపు నుంచే వచ్చాడు గనక ఈ రాతిని ఆయన ఇటునుంచి చూడలేదు. రాతి చీలికలో పాతిన పుల్లకి స్టీలు గ్లాసు ఒకటి బోర్లించి ఉంది. దాని మీద ‘కుసుమ’ అని తన చేత్తో తనే చెక్కిన అక్షరాలు ఉన్నాయి.

పావుగంటలో దేవేంద్ర, పదిమంది మనుషులతో రొప్పుతూ వచ్చాడు. అప్పలనరసమ్మ వాళ్లని పట్టుకుని, క్యారేజీ వెతికి పెట్టమని లోయలోకి తరిమింది. వాళ్ల వెనకాలే వచ్చిన జగ్గమ్మ, గ్లాసు పట్టుకుని నిలబడ్డ నగరేశ్వరరావు దగ్గరకొచ్చింది.

“ఆ యమ్మ యేటా కొత్తది ఒగ్గీసి ఎల్తాది, బాబూ. దాహానికొచ్చినోలు తాగుతారని. ఎండకీ వానకీ పాతది సొట్టలు పడిపోతాది కదా.” చుట్టూ చూసింది. “ఈ యేడు రాలేదేటి?”

“ఆషాఢంలో పోయిందమ్మా.”

జగ్గమ్మ ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుని, ఊట నీళ్లతో కడిగి, నింపి, తిరిగి ఆయన చేతికే ఇచ్చింది.

ఆయన తాగాడు. ధనరాజ్ పక్కకొచ్చి నిలబడ్డాడు.

“దారి తప్పాన్రా,” అన్నాడు నగరేశ్వరరావు. “ఒట్టు ఒట్టే.”

“తప్పినోడు ఊట కాడికెలగ వస్తాడు, బావా?” అన్నాడు ధనరాజ్ నీళ్ల వైపు చూస్తూ. “ఒట్టు సెల్లదు. వచ్చే యేడు మాత్రం కొమ్మ ముట్టుకుంటే సూడు.”

“అప్పకి కూడా ఆ మాట సెప్పు,” అన్నాడు నగరేశ్వరరావు చెమట తుడుచుకుంటూ.

వాళ్లు దిగుతుండగానే దేవేంద్ర ట్రాకర్ల వాట్సాప్ గ్రూపులో మెసేజీ పెట్టి, ధనరాజ్ ఫోనుకి కూడా పంపాడు. ‘నలభై ఏడు ఏనుగులు రద్దు. రాజాం వారు ముగ్గురు.’

ఇంటికొచ్చాక అప్పలనరసమ్మ సంచి విప్పి గ్లాసులు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

“అయిదేటిరా? ఒకటి మర్చిపోయావా?”

“అవును,” అన్నాడు నగరేశ్వరరావు.