ఒంటికాలి కొంగ లాంతరు

"ఒక్కసారి విప్పి చూసి, మళ్ళీ బిగించేస్తాను" అని మన మెకానిక్కు గారు అన్నారంటే, ఆ ఇంట్లో ఏదో ఒక వస్తువుకు నూకలు చెల్లినట్టే.

షాపులో ఆయనంత పనిమంతుడు లేడు. ఊళ్ళోవాళ్ళ మిక్సీలూ ఫ్యాన్లూ ఆయన చెయ్యి పడితే కిక్కురుమనకుండా తిరుగుతాయి. ఇంటికొచ్చేసరికే ఏదో అవుతుంది. విప్పేదాకా మహా హుషారు, బిగించే వేళకు ఆవలింతలు. ఇస్త్రీపెట్టె ఏడాది పైనుంచి ఒక పళ్ళెంలో ముక్కలై ఉంది. గోడగడియారం ముళ్ళు సబ్బుపెట్టెలో ఉన్నాయి.

పోయినేడు స్టూలు విప్పారు. మూడు కాళ్ళు బిగించి, నాలుగోదానికి "రేపు" అన్నారు. ఆ రేపు రాకముందే భార్య అటకమీది డబ్బా కోసం స్టూలెక్కింది. స్టూలు కాలు ఊడింది, ఆవిడ కాలు విరిగింది. మూడు నెలలు పిండికట్టు.

ఆవిడది కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని. చేతులు ఊరుకోవు. మంచం మీద కూర్చుని, మొగుడు ఆడుకునే వీడియో గేమ్ అందుకుంది. 'కొలిమి లోకం' అని నాలుగు భాగాల ఆట అది. రాక్షసుల్ని చంపుతూ, దొరికిన సామానుతో కత్తులూ కవచాలూ తయారుచేసుకుంటూ పోవాలి. ఆవిడ ఆటలో తనకు 'ఒంటికాలి కొంగ' అని పేరు పెట్టుకుని, ఒక్క రాక్షసుడి జోలికీ పోకుండా, మూడు నెలలు కూర్చుని మూడో భాగంలో ఒక లాంతరు చేసింది. అంతకంటే కష్టమైన వస్తువు ఆ ఆటలోనే లేదు. కట్టు తీసిన రోజు డాక్టరుకు కాలు సంగతి చెప్పకుండా లాంతరు సంగతే చెప్పింది.

ఆ సాయంత్రమే ఆయనతో ఒట్టు వేయించుకుంది. "ఇకమీదట నన్నడక్కుండా నా వస్తువు ఒక్కటి విప్పారా, ఈ గేమ్ బాక్సు మా తమ్ముడింటికి పోతుంది. మళ్ళీ రాదు."

ఆయన తలూపారు. తల ఊపడానికి స్క్రూలు అక్కర్లేదు గదా.

ఇప్పుడు సంగతేమిటంటే, ఆటల సంఘం వాళ్ళు ఆయన్నొక వ్యాసం రాసుకొచ్చి చదవమన్నారు. కొలిమి లోకం నాలుగు భాగాల్లోనూ వస్తువుల తయారీ ఎలా ఉంది, ఏది మేలు అని. ఆయన పొంగిపోయి, పెద్ద కాగితం మీద గడులు గీశారు.

మొదటి భాగంలో చీటీ దొరుకుతుంది, అందులో రాసినట్టు సామాను పడేస్తే కత్తి వస్తుంది. 'బుర్రతో పనిలేదు' అని రాశారు. రెండో భాగంలో చీటీ ఉండదు, దేంట్లో ఏం కలపాలో ఎవరూ చెప్పరు, సగం సార్లు కొలిమి పేలుతుంది. 'గుండె ధైర్యం ఉన్నవాళ్ళకే.' నాలుగో భాగంలో అన్నీ కొట్లో కొనుక్కోవచ్చు. 'సిగ్గుచేటు.' మూడో భాగమంటే మాత్రం ఆయనకు ప్రాణం. అందులో చేసినవారి పేరు వస్తువు మీద దానంతటదే పడుతుంది. కత్తికి పిడి మీద, డాలుకు వెనకవైపు. 'కాబట్టి దొంగ సరుకు చెల్లదు' అని రాసి, కింద రెండు గీతలు గీశారు.

ఒక్క గడి మిగిలింది. 'విప్పితే ఎంత తిరిగొస్తుంది?'

తన కత్తులు రెండు విప్పి చూశారు. సగం సామాను తిరిగొచ్చింది. మరి అన్నిటికంటే గొప్ప వస్తువు విప్పితే? అలాంటిది ఆయన దగ్గర లేదు. ఆవిడ ఆటలో, ఒంటికాలి కొంగ గుడిసెలో మేకుకు వేలాడుతోంది.

షాపుకు సెలవు. మధ్యాహ్నం మూడైంది. ఆవిడ ఆరింటికి గానీ రాదు.

"ఒక్కసారి విప్పి చూసి..." అన్నారాయన.

ఠప్పుమంది. రెండు మేకులు, గుప్పెడు బూడిద మిగిలాయి. 'మీ ఆట భద్రపరచబడింది' అని తెర చల్లగా చెప్పింది.

ఆయన గబగబా ఆట ఆపి మళ్ళీ పెట్టారు. అవే మేకులు, అదే బూడిద. బావమరిదికి ఫోను చేశారు.

"ఏరా, మూడో భాగంలో గాజు పలకలెక్కడ దొరుకుతాయి?"

"ఎందుకు బావా?"

"ఊరికే. వ్యాసం కోసం."

"ఎన్ని కావాలి?"

"నలభై."

"నలభై పలకలు పట్టేది లాంతరుకే కదా బావా. అక్క లాంతరు బాగానే ఉందా?"

"దివ్యంగా ఉంది!"

"మంచిది. మొసళ్ళ రేవులో దొరుకుతాయి. అన్నట్టు, ఆ గేమ్ బాక్సు పొడుగెంతుంటుంది? మామూలు సంచిలో పడుతుందా?"

ఆయన ఫోను పెట్టేశారు.

కొంగను మొసళ్ళ రేవుకు తీసుకెళ్ళారు. పుట్టి బుద్ధెరిగి యుద్ధం చెయ్యని కొంగ, మొదటి మొసలికే పలారమైపోయి మళ్ళీ గుడిసెలో తేలింది. ఇక లాభంలేదు. తన ఆట తెరిచి, తన యోధుడు 'అరివీరభయంకరుడి' చేత లాంతరు చేయించి, కొంగకు కానుకగా పంపాలి. అందుకు ఆటలో వీలుంది.

సామాను చాలక ఆయన కిరీటం విప్పారు. కవచం విప్పారు. గుర్రం జీను కూడా విప్పారు. అయిదున్నరకు అరివీరభయంకరుడు గోచీతో కొలిమి ముందు నిలబడ్డాడు. మొదటి లాంతరు చిట్లింది. ఆయన గడియారం కోసం గోడవైపు చూస్తే దానికి ముళ్ళు లేవు. చెమటలు కారిపోతుండగా రెండోది చేశారు. నిలబడింది.

అప్పుడు గుర్తొచ్చింది, పేరు! లాంతరును పైకీ కిందికీ తిప్పి చూశారు. పిడి మీద లేదు, అడుగున లేదు. "లాంతరుకు పేరు పడదు కాబోలు, బతికించావు" అని కొంగకు పంపి, పాత మేకుకే తగిలించారు. అంతలో వీధి తలుపు గడియ చప్పుడైంది.

ఆవిడ వెనకాలే బావమరిది కూడా వచ్చాడు. చేతిలో ఖాళీ సంచి.

"సంచెందుకురా?"

"ఊరికే బావా. చేతికి తోడుగా."

ఆవిడ చెప్పులు విడిచి కుర్చీలో కూర్చుంది. "వ్యాసం ఎంతవరకొచ్చింది? చదవండి, వింటాం."

ఆయన చదివారు. కొలిమి పేలే రెండో భాగం దగ్గర "అచ్చం మన ఇస్త్రీపెట్టే" అందావిడ. మూడో భాగానికి వచ్చేసరికి ఆయన చదివే జోరు తగ్గింది.

"చేసినవారి పేరు వస్తువు మీద పడుతుంది. కాబట్టి..."

"ఆపారేం?"

"దొంగ సరుకు... చెల్లదు."

"బాగా రాశారండీ. ఏదీ, నా లాంతరు ఓసారి వెలిగించండి. చూసి చాలా రోజులైంది."

"ఇప్పుడెందుకోయ్, నూనె దండగ."

"ఆటలో నూనె కదండీ!"

ఆవిడే వెలిగించింది. వెలుతురు గుడిసె గోడమీద పడింది. ఆ వెలుతురులో, జానెడు జానెడు అక్షరాలతో: 'చేసినవారు: అరివీరభయంకరుడు.'

బావమరిది సంచి దులిపాడు.

మెకానిక్కు గారు తల దించుకున్నారు. "తప్పయిపోయింది. నీ కాలు విరగడానికి నేనే కారణం, ఆ కాలితో కూర్చుని నువ్వు చేసుకున్నదాన్ని కూడా నేనే పాడుచేశాను. నాకే సిగ్గుగా ఉంది. తీసుకెళ్ళమను" అంటూ ఆయనే వైరు పీకబోయారు.

"ఆగండి" అందావిడ. ఆటలోనే కొంగ మంచం కిందినుంచి ఒక పెట్టె లాగి తెరిచింది. అందులో ఇంకో లాంతరుంది. వెలిగిస్తే గోడంతా 'ఒంటికాలి కొంగ.'

"మీరు విప్పింది నేను మొదట్లో చేసిన చిల్లు లాంతరు. విప్పితే బూడిదే వస్తుంది. దాన్ని మీ కోసమే పైన తగిలించాను. ఎనిమిదేళ్ళ కాపురమండీ, ఆమాత్రం తెలియదా?"

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. బావమరిదికి ప్రాణం ఉసూరుమంది. "అయితే నేను వెళ్ళొస్తానక్కా."

"కూర్చోరా. ఒట్టు ఒట్టే, కానీ ఒక్క అవకాశమిస్తున్నాను. ఆ ఇస్త్రీపెట్టె ఇప్పుడు బిగిస్తే బాక్సు ఇక్కడుంటుంది. లేకపోతే నీ సంచిలో ఉంటుంది."

మెకానిక్కు గారు పళ్ళెం ముందు చతికిలబడ్డారు. "నిదానంగా కానివ్వు బావా, తొందరేం లేదు" అంటూ బావమరిది సంచి ఒళ్ళో పరుచుకున్నాడు. గంట గడిచింది. వైరు పెట్టగానే ఇస్త్రీపెట్టె వేడెక్కింది. ఆయన దాన్ని చల్లార్చి, పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా తెచ్చి ఆవిడ ముందు పెట్టారు.

ఆవిడ తన పనిసంచిలోంచి గీతలు గీసే సన్నటి ఉలి తీసిచ్చింది. "పేరు చెక్కండి."

"ఏం పేరు?"

"చేసినవారి పేరు. రేపు నా బట్టలు కాలితే ఎవర్ని అడగాలో ఆ పెట్టే చెప్పాలి."

ఆయన కుడిచేత్తో చెక్కడం మొదలుపెట్టారు. చెక్కినంతసేపూ ఎడమచెయ్యి వెనక్కే ఉంది. పెట్టె కదిలిపోతున్నా దాన్ని ముందుకు తేలేదు.

ఆవిడ కాసేపు చూసింది.

"ఏమండీ, ఆ గుప్పిట కూడా ఒక్కసారి విప్పండి. ఎన్ని స్క్రూలు మిగిలాయో చూస్తాను."