నాంపల్లి డాబా మీద తెరచాప

ముందే ఒప్పుకుంటే మంచిది. ఈ కథలో తెరచాప ఉంది, గాలి ఉంది, పడవ నడపాలని తహతహలాడే మొగుడూ పెళ్లాలున్నారు. సముద్రం మాత్రం లేదు. నాంపల్లిలో సముద్రం వెతుక్కునేవాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు.

వైశాలి, ప్రణయ్ ఇద్దరిదీ కంప్యూటర్ల ఉద్యోగమే. హుస్సేన్‌సాగర్‌లో చిన్న తెరచాప పడవ నడపడం నేర్చుకుని, ఇప్పుడు గోవాలో మంచాలూ వంటగదీ ఉన్న పెద్ద పడవను కిరాయికి తీసుకుని, తామిద్దరే సముద్రంలోకి పోవాలనుకున్నారు. అయితే పడవవాళ్లకు వీళ్లకు నేర్పిన కోచ్ ఇంద్రసేన చెప్పాలి, వీళ్లకు ఇవ్వొచ్చని.

"ఇద్దరికీ పడవ నడపొస్తది. కలిసి నడపరాదు," అన్నాడాయన. "తెర దింపేటప్పుడు మీ లొల్లి ట్యాంక్‌బండ్ దాంక వినవడ్తున్నది. సముద్రంల గాలికి మాట వినరాదు, సైగలే. ఆదివారం నోరు తెరవకుండ దింపి చూపెట్టున్రి. లేకుంటే గోవా ముచ్చట మర్చిపోన్రి."

అందుకే ఆ శనివారం పొద్దున డాబా మీద ప్రాక్టీసు. పాత యాంటెన్నా స్తంభం ఉంది. బేగం బజార్‌లో కొన్న గిలక ఉంది. పిడికిలి బిగిస్తే 'పట్టుకో', అరచెయ్యి కిందికి చూపిస్తే 'మెల్లగా వదులు' అని సైగలు కూడా అనుకున్నారు. తెరచాప ఒక్కటే లేదు. వైశాలి గల్లీ చివరి టెంట్‌హౌస్‌కి పోయి షామియానా అడిగింది.

"ఫంక్షన్ ఏంది మేడం?" అన్నాడు టెంట్‌హౌస్ రాంచందర్.

"ఫంక్షనేం లేదన్నా. మేమిద్దరమే."

ఫంక్షన్ లేదన్నవాళ్ల దగ్గర ఎప్పుడూ పెద్ద ఫంక్షనే ఉంటుందని రాంచందర్ అనుభవం. ఆమె అటు పోగానే ఇంటి ఓనరు జయమ్మకు ఫోన్ కొట్టాడు.

జయమ్మ బయటికొచ్చి తలెత్తి చూసింది. డాబా మీద ఎర్రంచు షామియానా లేస్తోంది. షామియానా లేచిందంటే ఇంట్లో మంచో చెడో ఏదో ఒకటి జరగాలి. ఇద్దరూ బతికే ఉన్నారు, పైనుంచి అరుపులు వినిపిస్తున్నాయి. కాబట్టి మంచే. పెళ్లై నాలుగేళ్లయింది. కాబట్టి శ్రీమంతమే.

"వదులు! వదులంటున్న గదా!" అంటోంది వైశాలి.

"పట్టుకొమ్మని పిడికిలి చూపింది నువ్వే!" అంటున్నాడు ప్రణయ్.

"ఏయ్, తాడిడువు బిడ్డా! కడుపుతోనున్నదానివి గిట్ల గుంజుతరా?" అంటూ జయమ్మ మెట్లెక్కి వచ్చింది. వెనక రెండో అంతస్తు భాగ్య గాజులతో, ఆమె వెనక జాంబాగ్ మార్కెట్ పూలు. పూల వెనక, ఎవరూ అడగకుండానే, రాంచందర్ కుర్చీలు.

"ఆంటీ, శ్రీమంతం కాదు. మేం పడవ మీద సముద్రంలకు..."

"పురుడైనంక పోదువుగాని. కూసో."

వైశాలిని కుర్చీలో కూర్చోబెట్టి గాజులు తొడగసాగారు. ప్రణయ్ ఏదో చెప్పబోతే, "నువ్వు జర సప్పుడు జెయ్యకు. మొగోళ్లకు ఏం తెల్వది," అని అతని చేతిలో లడ్డూ పెట్టారు. షామియానా నీడలో డాబా గల్లీ ఆడవాళ్లతో నిండిపోయింది. రేపటి పరీక్షకు ప్రాక్టీసు ముగిసిందనుకుని ఇద్దరూ దిగాలుగా ఒకరినొకరు చూసుకున్నారు.

అప్పుడే స్టేషన్ వైపు నుంచి మబ్బు కమ్మింది. వానకు ముందు గాలి ఒక్కసారిగా విసిరింది. షామియానా ఉబ్బి, నిజం తెరచాపలాగే గుంజుకుంది. స్తంభం వంగింది. కింద కుర్చీల్లో కూర్చున్న ఆడవాళ్లంతా కేకలు. ఒకరి మాట ఒకరికి వినిపించడం లేదు.

వైశాలి లేచింది. సగం గాజుల చెయ్యి పైకెత్తి పిడికిలి బిగించింది. ప్రణయ్ లడ్డూ నోట్లో కుక్కుకుని, తాడును ట్యాంకు పైపుకు చుట్టి ఆపాడు. ఈసారి అరచెయ్యి కిందికి. అతను మెల్లగా వదిలాడు. ఆమె మడత మీద మడత లాక్కుంది. గాలి కొడితే పిడికిలి, తగ్గితే అరచెయ్యి. అంత పెద్ద గుడ్డా ఎవరి నెత్తినా పడకుండా పిట్టగోడ పక్కన బుద్ధిగా ముడుచుకుంది. ఇద్దరూ ఒక్క మాట అనలేదు. అతని నోట్లో లడ్డూ ఉన్న మాట నిజమే అనుకోండి.

"గింత బరువు గుంజితివి... కడుపు లేదా?" అంది జయమ్మ.

"లేదాంటీ. పొద్దటిసంది గదే చెప్తున్న."

"మరి షామియానా ఎందుకు కట్టిన్రే?"

అప్పుడు విన్నారు పడవ సంగతి. జయమ్మ లడ్డూల డబ్బా అందుకుంది. "తొడిగిన గాజులు తియ్యొద్దు. పడవకే శ్రీమంతం అనుకుందం తియ్," అని మిగతా లడ్డూలు పంచింది.

భాగ్య ఫోన్లో ఇదంతా వీడియో తీసింది. కోచ్‌కు దాన్ని ప్రణయ్ పంపితే ఆయన వెంటనే ఫోన్ చేశాడు. "రేపు రావొద్దు. గోవావాళ్లకు నేను చెప్త. ప్రణయ్, దారికి లడ్డూలు జర ఎక్కువ కట్టుకో."

మీ ఇంట్లో కూడా ఇద్దరే మోసుకున్న పెద్ద పని ఏదైనా ఉంటే రాసి పంపండి. ఫంక్షన్ లేదని మాత్రం రాయకండి, రాంచందర్ కుర్చీలు పంపిస్తాడు.