మూడు కంప్యూటర్ల బతుకమ్మ

సోమవారం పొద్దున టీ తాగుతూ రత్నకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికల్లా ఒక మంచి కంప్యూటర్ ఎంచుకోవాలి. శనివారం సాయంత్రానికల్లా ముప్పై తొమ్మిది మంది ఆడవాళ్లను ఒక్కచోట గుండ్రంగా నిలబెట్టి బతుకమ్మ ఆడించాలి. అంతే.

మూడు నెలలుండి పోదామని మార్చిలో జగిత్యాల నుంచి జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్‌లోని కూతురు భానుప్రియ ఇంటికి వచ్చిన మనిషి, విమానాలు ఆగిపోయి అక్టోబరు దాకా ఉండిపోయింది. ఖాళీగా కూర్చునే చెయ్యి కాదు ఆమెది. ఓవెన్‌లో లైటు వేసి దోసెల పిండి ఎలా పులియబెట్టాలో ఫోనులో వీడియో తీసింది. బాల్కనీ పుదీనా మీద ఇంకోటి తీసింది. అక్కర్లేని ముక్కలు కత్తిరించడం, మిగిలినవి అతికించడం తానే నేర్చుకుంది. రవికె కుట్టినట్టే ఉందనిపించింది. నెల తిరక్కుండా అక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆమె పేరు 'వీడియో ఆంటీ' అయింది.

ఆ ఏడు కరోనా వల్ల హాలు లేదు, ఆఖరి రోజు సద్దుల బతుకమ్మకు నలుగురు కూడే వీలూ లేదు. ఆ దేశంలోనే ఇల్మెనౌ ఊళ్లో ఎం.ఎస్. చదివే గీతిక ఫోన్ చేసి ఏడుపు ఒక్కటే తక్కువగా మాట్లాడింది.

"ఫస్ట్ టైమ్ ఇంటికి దూరంగున్న ఆంటీ. హాస్టల్ రూముల ఒక్కదాన్నే. ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకుంట తిరిగితే బతుకమ్మ అయితదా?"

"ఒక్కదానివెందుకైతవ్ బిడ్డా? నేను పాట పాడి పంపుత. ఆ పాటకు ఎవరింట్ల వాళ్లు ఆడి వీడియోలు పంపుర్రి. అందర్నీ నేను ఒక్క తాన కలుపుత. శనివారం పొద్దుమూకేసరికి నువ్వు నలభై మంది నడుమ ఉంటవ్. మాటిస్తున్న."

మాట ఇచ్చాక వీడియోలు వచ్చాయి. ఆరో వీడియో అతికించేసరికి ఫోను అట్లపెనంలా కాలి ఆగిపోయింది. అందుకే కంప్యూటర్.

ముందు అల్లుడు సుధీంద్రను అడిగింది. అతను సంతోషంగా ఎక్సెల్ తెరిచి పదిహేడు గడులు గీశాడు.

"తొందరపడొద్దు అత్తమ్మా. ప్రాసెసర్, ర్యామ్, స్క్రీన్ అన్నీ పోల్చి చూడాలె. గురువారానికి ఫస్ట్ రౌండ్ అయిపోతది."

గురువారానికి మొదటి రౌండు! ఈ ఇంటికి వాక్యూమ్ క్లీనర్ కొనడానికి అతనికి సంక్రాంతి నుంచి ఉగాది దాకా పట్టింది. రత్నకుమారి మెల్లగా బాల్కనీలోకి జరిగి, వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. "వీడియోలు కలిపెటందుకు ఏ కంప్యూటర్ మంచిదో జెర చెప్పుర్రి బిడ్డా."

పుదీనాకు నీళ్లు పోయడం పూర్తి కాకముందే ఫోన్ మోగింది.

"పిన్నిగారూ, నేనండీ, జనార్దనరావుని. కార్ల ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ చూస్తానండి. మీరు లాప్‌టాప్ జోలికి మాత్రం వెళ్లకండి. నలభై మందికి వంటంటే గుండిగ పెట్టాలి గానీ, పోపుల గరిటెతో అవుద్దా అండీ? పెద్ద డబ్బా కావాలి, లోపల గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. సాఫ్ట్‌వేర్ కూడా సినిమావాళ్లు వాడేదే పెట్టేద్దాం. నేను చూసుకుంటానండి, సరేనా?"

"అట్లనే బిడ్డా."

పెట్టేయగానే కమలాకర్. హైదరాబాదువాడు, వీధి చివరి ఇల్లే. "ఆంటీ, డబ్బాలు గిబ్బాలు ఎందుకు? సన్నటి లాప్‌టాప్ తీస్కోండ్రి. ఒళ్లో వెట్టుకొని చాయ్ తాక్కుంట పని చేస్కోవచ్చు. సాఫ్ట్‌వేర్ ట్రయల్ ఫ్రీ. నేను జూస్కుంట, మీరు టెన్షన్ వడకుండ్రి."

"అట్లనే కొడుకా."

మూడో ఫోన్ గీతికది. "ఆంటీ, ఏం కొనకుర్రి. మా సీనియర్ అక్క పాత లాప్‌టాప్ ఇచ్చి పోయింది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఎక్కించి నేను పోస్టుల పంపుత. నాకోసమే కద మీకింత కష్టం."

"అట్లనే బిడ్డా."

అడగంగానే సాయానికి వచ్చినవాళ్లను ముఖం మీద కాదనడం రత్నకుమారి దృష్టిలో, ఇంటికి వచ్చినవాళ్లను మంచినీళ్లు ఇవ్వకుండా పంపడమే. జగిత్యాలలో ఇలాంటి సలహాలు సాయంత్రానికి ఎవరికీ గుర్తుండేవి కావు. ఇక్కడివాళ్లు ఫోన్ పెట్టేయకముందే ఆర్డర్ పెట్టేస్తారని ఆమెకు తెలియదు.

మంగళవారం కూతురూ అల్లుడూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీటింగుల్లో ఉండగా, పార్సిల్ మనిషి బెల్లు కొట్టి కొట్టి, పెట్టెను పక్కింటి జర్మన్ ఆవిడ ఫ్రావ్ క్ర్యూగర్‌కు అప్పగించి పోయాడు. మాస్కు పెట్టుకుని, ఆ పెద్దావిడ పెట్టెను కాలితో నెట్టుకుంటూ తెచ్చింది. అది జనార్దనరావు డబ్బా, తెరతో సహా. బుధవారం మళ్లీ వచ్చింది. "నోఖ్ ఐన్స్!" అంది, ఇంకోటి అని. అది కమలాకర్ లాప్‌టాప్. గురువారం గీతిక పంపిన పాత లాప్‌టాప్ పెట్టెను గుమ్మంలో పెట్టి, భానుప్రియను ఒక ప్రశ్న అడిగింది. మీ అమ్మగారు ఫోన్‌లో రోజంతా 'అట్లనే' అంటారు, గోడలోంచి వినిపిస్తుంది, ఏమిటది?

"సరే అని అర్థం," అంది భానుప్రియ.

ఫ్రావ్ క్ర్యూగర్ మూడు పెట్టెల వైపూ చూసి, అర్థమైనట్టు తల ఊపింది.

"అమ్మా, రెండు వాపస్ పంపుదం. పద్నాలుగు రోజుల టైముంటది," అని మొత్తుకుంది భానుప్రియ.

"పండుగ ముంగట పోరగాళ్ల మనసు కష్టపెడ్తవా? పండుగెళ్లినంక జూద్దాం. మూడు పొయ్యిలుంటే వంట జల్ది అయితది." రత్నకుమారి ముప్పై తొమ్మిది వీడియోలనూ అన్నదమ్ముల పంపకంలా ఒక్కోదానికి పదమూడు చొప్పున పంచింది. ముగ్గురూ దూరం నుంచే తమ తమ సాఫ్ట్‌వేర్లు నేర్పారు. నిజం చెప్పాలంటే పని గుర్రంలా పరిగెత్తింది. మౌసు పట్టిన చెయ్యి అన్నం తినడం కూడా మరిచిపోయింది.

చిక్కల్లా వీడియో కాల్స్‌తోనే. ఎవరికి వారు తమ కంప్యూటర్ ఎలా ఉందో చూపించమనేవారు. ఒకరు ఫోన్ చేస్తే మిగతా రెండూ మంచం కిందికి పోవాలి. జనార్దనరావు డబ్బా మాత్రం ఆమె ఒక్కదానికి కదిలేది కాదు. దాని మీద పట్టు శాలువా కప్పి, పైన బంతిపూల కుండీ పెట్టింది.

"ఆంటీ, ఎనుక గదేంది?" అన్నాడు కమలాకర్.

"దేవుని మందిరం కొడుకా."

శాలువాలోంచి డబ్బా దీపాలు ఎర్రగా, నీలంగా మెరిశాయి. "మస్తుంది ఆంటీ, లైటింగ్ గూడ వెట్టిన్రు!" అని అతను భక్తిగా జనార్దనరావు కంప్యూటర్‌కు దండం పెట్టుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం మూడు భాగాలూ సిద్ధమయ్యాయి. ఇక కలపడమే.

"కలవయ్ అత్తమ్మా," అన్నాడు సుధీంద్ర. "ఒక సాఫ్ట్‌వేర్‌ల చేసింది ఇంకోదాంట్ల తెరుచుకోదు. మూడింట్లకెళ్లి మామూలు వీడియోగ బయటికి తీయాలె, తర్వాత కలపాలె."

బయటికి తీయబోతే పెద్ద డబ్బా పందొమ్మిది గంటలు పడుతుందంది. కమలాకర్ లాప్‌టాప్ పదమూడు మంది నుదుళ్ల మీదా 'ట్రయల్' అని అడ్డంగా ముద్ర కొట్టింది. గీతిక పంపింది తొంభై శాతం దాకా గ్రైండర్‌లా అరిచి, గుటుక్కున మూసుకుపోయింది. మూడుసార్లు మొదలుపెడితే మూడుసార్లూ అంతే. తమ లోపల మాత్రం మూడూ వీడియోను చక్కగా ఆడించి చూపుతున్నాయి. బయటికి పంపమంటేనే మొండికేస్తున్నాయి.

నాలుగున్నర అయింది. ఆరింటికి అందరూ ఆన్‌లైన్‌లో కూడతారు. గీతిక మెసేజ్ మోగింది. "ఆంటీ, రెడీనా? నేను పట్టుచీర కట్టుకున్న. చూసేటోళ్లు లేరు, అయినా కట్టుకున్న."

"రేపటికి వాయిదా వేద్దామా?" అన్నాడు సుధీంద్ర.

"సద్దుల బతుకమ్మకు వాయిదా ఉంటదా కొడుకా?"

రత్నకుమారి కుర్చీలో కూలబడింది. పీటమీద పొద్దున తాను పేర్చిన బతుకమ్మ ఉంది. తంగేడు లేదు, గునుగు లేదు, అన్నీ సూపర్‌మార్కెట్ చామంతులే. దాన్ని చూసింది. మూడు కంప్యూటర్లనూ చూసింది. దిగ్గున లేచింది.

"బిడ్డా, సోఫా గోడకు జరుపు! కొడుకా, నిచ్చెన తే!"

గది మధ్య బతుకమ్మ. మూడు వైపులా మూడు కంప్యూటర్లు. పై నుంచి అన్నీ కనిపించేలా నిచ్చెనకు చున్నీతో కట్టేసి, ఆన్‌లైన్ కాల్‌లో పెట్టిన ఆమె పాత ఫోను. ఆరింటికి భానుప్రియ ఒకదాని మీద, సుధీంద్ర ఇంకోదాని మీద, మూడోదాని మీద రత్నకుమారి వేళ్లు పెట్టారు. "ఒకటి, రెండు, మూడు!"

ముప్పై తొమ్మిది మంది ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. అందరూ ఆడింది ఆమె పాడి పంపిన ఒకే పాటకు కాబట్టి తాళం ఎక్కడా తప్పలేదు. మిగిలిన నాలుగో వైపు తానే నిలబడి, వంగి చప్పట్లు కొడుతూ రత్నకుమారి నలభయ్యోదైంది. నలుదిక్కులా ఆడవాళ్లు, నడుమ పూలు. ఫోన్‌లోంచి గీతిక కేక వినబడింది. "ఆంటీ, నేను కనబడుతున్న! నా పక్కపొంటి అందరున్నరు!" తర్వాత ఆమె చప్పట్లే వినిపించాయి.

పాట ఆగాక గానీ మిగతావాళ్ల చూపు కంప్యూటర్ల మీద పడలేదు.

"పిన్నిగారూ," అన్నాడు జనార్దనరావు, "నా దాని పక్కన ఆ రెండూ ఎవరివండీ?"

"ఆంటీ," అన్నాడు కమలాకర్, "నేను దండం వెట్టిన మందిరం గదేనా?"

రత్నకుమారి పసుపు అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంది. "మూడింట్ల ఏ ఒక్కటి లేకున్నా అమ్మ చుట్టు గుండ్రం కాకపోతుండె బిడ్డా," అంది.

తన దాంట్లో రంగులు బాగా వచ్చాయండీ అన్నాడు జనార్దనరావు. సౌండు మాత్రం తనదే అన్నాడు కమలాకర్.

ఆదివారం పొద్దున సుధీంద్ర ఎక్సెల్ పూర్తయింది. మొదటి స్థానం అత్తమ్మ పాత ఫోనుకే వచ్చింది. అతను ఆ మాట చెప్పబోతుండగా ఫోన్ మోగింది. అటువైపు జనార్దనరావూ కమలాకరూ ఈసారి కలిసే మాట్లాడుతున్నారు. వచ్చేది దీపావళి, ఫోనుతో ఏం తీస్తారండీ, మంచి కెమెరా ఉండాలి, రెండు లైట్లు కూడా ఉండాలి, మేం చూసుకుంటాం.

"అట్లనే బిడ్డా," అంది రత్నకుమారి.

గోడకు అవతల ఫ్రావ్ క్ర్యూగర్ లేచి వెళ్లి, గుమ్మం దగ్గరి చెప్పుల స్టాండును ఒక పెట్టె పట్టేంత పక్కకు జరిపింది.