మేడ గదికి ఆడదిక్కు

ఆ ఉదయం ఆపరేటరు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. అల్లుడు ఆఫీసుకీ, పాఠాలు చెప్పే కూతురు స్కూలుకీ వెళ్ళాక జంతువుల కొట్టుకు ఫోను చేసి, చెట్ల మీద బతికే పెద్ద సాలీడును ఒకదాన్ని ఖాయం చేసుకోవాలి. సాయంత్రం కూతురు సరదాగా ఉన్నప్పుడు సంగతి మెల్లిగా చెవిన వెయ్యాలి. ఇంతే. ఇందులో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదనుకున్నాడు. పాపం, ఆయన అనుకున్నవి ఎప్పుడు జరిగాయి గనక!

ఆపరేటరు అన్నది ఆయన పాత ఉద్యోగం. సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపేవాడు. హాలు మూతపడి గోడౌనైనా పిలుపు మాత్రం మిగిలింది. ఆ రోజుల్లో ఆట మొదలయ్యే ముందు తెర మీద గాజు స్లైడ్లు వేసేవారు. ఒక సాయంత్రం ‘దయచేసి పొగ తాగరాదు’ అన్న స్లైడు మీదికి కేబిన్‌లో కాపురముండే సాలీడు షికారుకొచ్చింది. వేలెడంత లేని ప్రాణి తెర మీద ఏనుగంత అయింది. స్లైడును తలకిందులుగా పెడతారు గనక, ఇక్కడ అది కిందికి దిగుతుంటే అక్కడ పైపైకి ఎక్కుతోంది. హాలు హాలంతా కెవ్వుమంది. ముందు బెంచీల వాళ్ళు తలుపులకేసి పరుగు తీశారు. ఆ గోలలో ఒక్క గొంతు మాత్రం విరగబడి నవ్వింది. ఎవరా అని ఆయన కేబిన్ కంతలోంచి తొంగి చూశాడు.

ఆట వదిలాక ఆ నవ్విన పిల్ల మెట్ల దగ్గర కాపు కాసి, “రేపు కూడా అది వస్తుందా?” అని అడిగింది. వస్తుందన్నాడు. అబద్ధమే గానీ, ఆ అబద్ధం పుణ్యాన పెళ్ళయింది. తరువాత ఎన్నేళ్ళయినా, కేబిన్ ఊడవడానికొచ్చిన మనిషిని ఆవిడ సాలీడు ఉండే మూల జోలికి పోనిచ్చేది కాదు. “దాన్ని కదపకు, అది మా పెళ్ళిపెద్ద!” అనేది.

ఆవిడ పోయాక ఆయనకు పగళ్ళు ఎలాగో గడిచేవి. సాయంత్రం ఆట వేళకే కాలూ చెయ్యీ ఆడేది కాదు. పక్కన ఓ ప్రాణి ఉంటే బాగుండునని మనసు పీకేది. ఏ ప్రాణి అని ఆలోచించవలసిన పని లేకపోయింది. కానీ ఇల్లు కూతురిది. ఆమె బాత్‌రూమ్‌లో చిన్న సాలీడు కనిపిస్తే ఆ పూట స్నానం మానేసే రకం. ఆమె వద్దంటే ఆశ వదులుకోవలసిందే.

ఫోను కలిసింది. సరిగ్గా అదే సమయానికి మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వచ్చిన కూతురు తండ్రి గది ఉన్న మేడ మెట్లెక్కింది.

“ఆడదే కావాలండీ,” అంటున్నాడు ఆపరేటరు. “ఎక్కువ కాలం తోడుంటుంది కదా. కాస్త ఎదిగినదైతే మేలు, చిన్నదాన్ని నేను సాకలేను. ఆ నీలంది అందంగానే ఉంది గానీ మరీ చురుకు, ఈ వయసులో దాని వెంట పరుగెత్తలేను. నేను కొత్తవాణ్ణి, నాకు నెమ్మదైనది చాలు. ఆ గులాబి పాదాలదే ఖాయం చెయ్యండి. మేడ మీదే ఉంచుకుంటాను. మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు.”

మన భాషలో ఒక చిక్కుంది. ఆడమనిషి వచ్చినా ‘వచ్చింది’ అంటాం, సాలీడు వచ్చినా ‘వచ్చింది’ అంటాం. మగవాడికి మాత్రం ‘వచ్చాడు’ అని ఒకటి విడిగా అట్టేపెట్టుకున్నాం. ఆ చిక్కంతా ఆ పూట ఆ ఇంటి మీద పడింది. కూతురు గొడుగు సంగతి మరిచిపోయి మెట్లు దిగింది.

సాయంత్రం ఎర్రబడ్డ కళ్ళతో తండ్రి ముందు కూర్చుంది.

“నేనంతా విన్నాను నాన్నా.”

ఆపరేటరు గుండె తేలికైంది. చెప్పే బాధ తప్పింది. “నీకు భయమని తెలుసు తల్లీ. అయినా నీ జోలికి రాదు.”

“భయం కాదు నాన్నా, బాధ. అమ్మ ఏమనుకుంటుందో ఆలోచించావా?”

“మీ అమ్మా? ఉండుంటే తనే దగ్గరుండి ఎంచి తెచ్చేది!”

కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. ఇంత పిరికిదాన్ని ఎలా కన్నామా అని ఆపరేటరు జాలిపడ్డాడు.

అల్లుడు బీమా కంపెనీలో పనిచేస్తాడు. ఏ ఉపద్రవమైనా పైవాళ్ళకు తెలియజేయడం అతని అలవాటు. ఈ ఇంటికి పైవాళ్ళంటే ఆపరేటరు అక్కగారే. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి, డాక్టర్లను కూడా గడగడలాడించి రిటైరైన మనిషి. మర్నాడు సూట్‌కేసుతో సహా దిగింది.

“ఒరేయ్, ఈ వయసులో నీకిదేం బుద్ధిరా? ఇదివరకు ఎక్కడుండేదట?”

“ఒకాయన దగ్గర ఉండేదట అక్కా. వాళ్ళింట్లో ఒప్పుకోకపోతే తెచ్చి వదిలేసి పోయాడట.”

“అయ్యయ్యో! ఎంత రాతిగుండెరా వాడిది! మనిషి ఎలా ఉంటాడో?”

“వాడి సంగతి నాకెందుకక్కా. అది మాత్రం నల్లగా ఉంటుంది. పాదాలొక్కటే గులాబి రంగు.”

“తిండీ తిప్పలూ?” అన్నాడు అల్లుడు, నసుగుతూ.

“వారానికోసారి పెడితే చాలు. అది ఎక్కువ తినదు.”

“వారానికోసారా! మావయ్యగారూ, ఏమీ అనుకోకండి. ముందు ఆ ‘అది’ అనడం మానండి. ఆవిడ అనండి, మర్యాదగా ఉంటుంది.”

ఆపరేటరు అల్లుడి వంక మెచ్చుకోలుగా చూశాడు. కుర్రాడిలో ఇంత భూతదయ ఉందని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు.

“సరే, ఆవిడే. చాలా నెమ్మదస్తురాలు. బెదిరినా మీద పడదు, పైకెక్కి ఓ మూల ముడుచుకు కూర్చుంటుంది. ఒక్క మగతోడుతోనే పడదట. కలిపి ఉంచితే తినేస్తుందట.”

“మొగుణ్ణి తినంది ఎవరున్నార్రా?” అంది అక్కగారు తేలిగ్గా. “నేను తినలేదూ? అదో తప్పా?”

ఆ క్షణం నుంచి అక్కగారు ఆ తెలియని మనిషి పక్షం చేరిపోయింది. వంటింట్లోకి వెళ్ళి మేనకోడల్ని కూర్చోబెట్టింది. “తోడు లేని మగవాళ్ళను ఆసుపత్రిలో ఎంతమందినో చూశానే. మందులిస్తే మింగుతారు, మాట్లాడేవాళ్ళు లేక కుంగిపోతారు. నీ కన్నీళ్ళు తుడుచుకుని ఒప్పుకో,” అంది. అంతటితో ఊరుకుందా? వచ్చే మనిషి కూర్చోవడానికి మంచి కుర్చీలు లేవని ఎదురింటికి అరువుకు వెళ్ళి, రెండు కుర్చీలు తెచ్చి, బదులుగా సంగతంతా అక్కడ చెప్పి వచ్చింది.

కూతురు మేడ గది కడిగింది. కొత్త కర్టెన్లు కట్టింది. గోడమీద తల్లి ఫొటో దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

“అమ్మ ఫొటో ఎక్కడ పెట్టమంటావు నాన్నా?”

“దాన్నెందుకు కదపడం? ఆవిడకి ఎదురుగ్గానే చోటిస్తాను. ఇద్దరూ రోజూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారు.”

కూతురు చాలాసేపు ఫొటో గాజు తుడుస్తూనే ఉంది. చివరికి, “సరే నాన్నా, తీసుకురా,” అంది. సాలీడు కోసం కూతురు ఇంత మథనపడాలా అనిపించింది ఆపరేటరుకు. అయినా ఒప్పుకుంది కదా, అదే పదివేలనుకున్నాడు.

ఆ సాయంత్రం అద్దె కారు గుమ్మం ముందు ఆగింది. అక్కగారు పట్టుచీరలో, అల్లుడు ఇస్త్రీ చొక్కాలో, కూతురు పెదవుల మీద ఎంతో కష్టపడి తెచ్చుకున్న నవ్వుతో వరసగా నిలబడ్డారు. ఎదురింటి కిటికీలో తలలకు లెక్క లేదు. ఆపరేటరు గుడ్డ కప్పిన పొడుగాటి గాజు పెట్టెను గుండెలకు హత్తుకుని, లోపలికి వచ్చి బల్ల మీద పెట్టాడు.

అల్లుడు కారు వెనక సీటులోకి తొంగి చూసి వచ్చాడు. “ఆవిడేరీ?”

“ఇదిగో!” అని గుడ్డ లాగాడు ఆపరేటరు.

చెట్టు బెరడు మీద అరచెయ్యంత నల్లటి సాలీడు. ఎనిమిది గులాబి పాదాలూ చక్కగా పరిచి కూర్చుంది. కూతురు కెవ్వుమని అరువు కుర్చీ ఎక్కింది. అల్లుడు అక్కగారి వెనక దాక్కున్నాడు. ఆ కేకలకు బెదిరిన సాలీడు వెనక్కి తిరిగి గాజు మీదికి చివ్వున రెట్ట చిమ్మింది. ఈ గుణం గురించి కొట్టతను చెప్పలేదు.

“నాన్నా, నీకు దణ్ణం పెడతాను!” అని కుర్చీ మీంచే అరిచింది కూతురు. “పెళ్ళే చేసుకో! నేను దగ్గరుండి చేయిస్తాను! ఇది మాత్రం వద్దు!”

“పెళ్ళేంటే?”

ముగ్గురూ ఒక్కసారే చెప్పడం మొదలెట్టారు. అంతా అర్థమయ్యేసరికి ఆపరేటరు గుమ్మం మెట్ల మీద కూలబడ్డాడు.

“మీ అమ్మ ఉన్న చోటికి ఇంకొకళ్ళని తెస్తానని ఎలా అనుకున్నావే?”

“అనుకోవడమేంటి, ఒప్పుకున్నాను కూడా.”

“ఎందుకూ?”

“సాయంత్రమైతే నువ్వలా ఈ మెట్ల మీద కూర్చుని వీధిలోకి చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. అందుకు!”

తన సాయంత్రాలు తనకు తప్ప ఎవరికీ కనబడవనుకున్నాడు ఆపరేటరు ఇన్నాళ్ళూ. కళ్ళు తుడుచుకుని లేచి, పెట్టె మీద మళ్ళీ గుడ్డ కప్పాడు. “కారు ఇంకా వెళ్ళలేదేమో చూడు అల్లుడూ. తిరిగి ఇచ్చేసి వస్తాను,” అన్నాడు. మాటవరసకు కాదు, నిజంగానే అన్నాడు.

కూతురు ఒక కాలు కుర్చీ మీంచి కిందికి దించింది. ఆలోచించి రెండోదీ దించింది.

“ఉంచు నాన్నా. సవతితల్లికే సర్దుకున్నదాన్ని, సాలీడుకు సర్దుకోలేనా? మూత మాత్రం గట్టిగా బిగించు.”

అక్కగారు తన పట్టుచీర వంకా, పెట్టె వంకా ఓసారి చూసి, మొహం కడుక్కోవడానికి వెళ్ళింది.

ఇప్పుడు ఆట వేళకు మేడ మీద దీపం వెలుగుతుంది. ఆపరేటరు ఆ పెట్టె ముందు కూర్చుని పాత సినిమాల కథలన్నీ పూసగుచ్చినట్టు చెబుతుంటాడు. మొదట్లో కూతురు గుమ్మం బయటే నిలబడి వినేది. ఈమధ్య లోపలికే వచ్చి, పెట్టెకు దూరంగా జరుగుతూ, కథలో అమ్మ వచ్చే చోట మాత్రం ముందుకు వంగుతోంది.

మేడ మీంచి ఎప్పుడూ ఆయన గొంతే తప్ప అవతలి గొంతు వినపడకపోయేసరికి, అంత అణకువ గల ఇల్లాలు ఏ సంబంధాలు చూసేవాళ్ళ దగ్గర దొరికిందా అని ఎదురింటివాళ్ళు ఇప్పటికీ ఆరా తీస్తూనే ఉన్నారు.