దేవరాజ్ గారి ఆత్మనిగ్రహం

తన శరీరాన్ని ఎప్పుడో ప్రజలకు రాసిచ్చేశాననీ, మిగిలిన మనసును ఇవాళ్టి నుంచి సైన్సుకు అప్పగిస్తున్నాననీ నియోజకవర్గ ఇన్‌చార్జి దేవరాజ్ గారు జహీరాబాద్ హైవే పక్క తమ ఫంక్షన్ హాల్లో ప్రకటించగానే చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు గురులింగప్ప. చప్పట్లు అతని డిపార్ట్‌మెంటు.

జరిగింది చిన్న విషయమే. పోయిన నెల చిరాగ్‌పల్లి మీటింగులో మైకు కుయ్యిమన్నదని దేవరాజ్ గారు మైకువాణ్ణి అదే మైకుతో కొట్టారు. మైకు ఆన్‌లోనే ఉండడం వల్ల దెబ్బ ఊరంతా వినబడింది. వీడియో ఢిల్లీ దాకా పోయింది. కోపం తగ్గినట్టు రుజువు చూపిస్తేనే టికెట్ అని పార్టీ పెద్దలన్నారు. సరిగ్గా అప్పుడే ఆత్మనిగ్రహం మీద క్లినికల్ ట్రయల్ చేస్తామంటూ హైదరాబాద్ నుంచి డాక్టర్లు దిగారు. మహానుభావులను దేశసేవ వెతుక్కుంటూ వస్తుంది.

ట్రయల్ నడిపేది ప్రణీత అనే చిన్న డాక్టరమ్మ. దేవరాజ్ గారి చేతికి గడియారంలాంటి పట్టీ కట్టింది. కోపం వస్తే అది కూస్తుంది. తర్వాత ముందర ఒక బాలుషాయి మిఠాయి పెట్టింది.

"గంట మోగేదాకా తినకుండా ఉంటే ఇంకొకటి ఇస్తాం సార్."

దేవరాజ్ గారు తినేసి రెండోది అడిగారు. లేదనేసరికి పట్టీ కూసింది.

"నాకే కండిషన్ పెడ్తవామ్మా? ఈ జిల్లాల ఇప్పటిదాంక ఎవడన్న పెట్టిండా?"

పట్టీ ఇంకా గట్టిగా కూసింది. ఆయన దాన్ని విప్పి గురులింగప్ప చేతికి కట్టేశారు.

"వేరే మనిషి కూర్చుంటే ఎలా సార్?" అంది ప్రణీత.

"వేరే మనిషెవరమ్మా? మొన్న దీక్షల మూడు దినాలు నేను అన్నం ముట్టలే. ఆ ముట్టనిది ఈయనే. పాదయాత్రల నా కాళ్లు బొబ్బలెక్కినయ్. ఏ లింగప్పా, నా బొబ్బలు జర చూపియ్."

గురులింగప్ప చెప్పులు విడిచి చూపించాడు. ప్రణీత పెద్ద డాక్టరుకు ఫోన్ చేసింది. హాలు ఉచితంగా ఇచ్చింది ఎవరో ఆయనకు గుర్తుంది. "సర్దుకోమ్మా" అన్నాడు.

గురులింగప్ప సర్దుకోవడానికి వేరే కారణం ఉంది. మొగుడంపల్లి దగ్గర అతని చెరకు పూతకొచ్చి నిలబడింది. ఫ్యాక్టరీవాళ్లు కటింగ్ ఆర్డర్ ఇస్తేగానీ కొట్టడానికి లేదు. దేవరాజ్ గారు ఫోన్ చేస్తేగానీ వాళ్లు ఇవ్వరు. ఆలోగా చెరకు ఎండి, గడకు గడ తేలికైపోతోంది.

"సార్, జర ఆ ఫోను..."

"ట్రయల్ ఒడవనీ. ఒడ్సినంక మొదటి ఫోన్ అదే. ఫికర్ జేయకు."

ఇంట్లో భార్య నీలమ్మ అడిగింది. "మిఠాయి ముందర కూసుండుడు గూడ ఒక పనేనా?"

"సార్ మాటిచ్చిండే."

"పోయినేడు భీ ఇచ్చిండు. గదే మాటనా, కొత్తదా?"

గురులింగప్ప కూర్చున్నాడు. బాలుషాయి మీద ఈగ వాలింది, లేచింది, మళ్లీ వాలింది. గంట మోగింది. అతను కదల్లేదు.

"అయిపోయింది, తినండి," అంది ప్రణీత.

"సార్ వచ్చి తింటరమ్మా. దీక్షల నిమ్మరసం భీ గంతే. నేను పండుకుంట, ఆయన తాగుతరు."

మర్నాడు ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గురులింగప్పను తిట్టించారు. పనికిమాలినవాడా అన్నాడు, దద్దమ్మా అన్నాడు, ఇంక మాటలు దొరక్క నీళ్లు తాగాడు.

"గంతేనా?" అన్నాడు గురులింగప్ప. "మీరు జర మర్యాదస్తులున్నట్టున్నరు సార్."

పట్టీ నిద్రపోతూనే ఉంది.

ఇంతటి నిగ్రహం తన సర్వీసులో చూడలేదని పెద్ద డాక్టరు స్వయంగా వచ్చి సభలో ప్రకటించాడు. దేవరాజ్ గారికి శాలువా కప్పి, బాలుషాయిల పళ్లెం అందించాడు. టికెట్ ఆ పొద్దునే ఖాయమైంది. ఓపిక తన రక్తంలోనే ఉందని దేవరాజ్ గారు మైకులో చెప్పి, మైకును చాలా మెల్లగా కింద పెట్టారు. జనం కళ్లు తుడుచుకున్నారు.

పట్టీ సభ అయ్యాక విప్పుతామన్నారు గనుక గురులింగప్ప దానితోనే కుర్చీ వెనక నిలబడి వంగాడు.

"సార్, ఆ ఫోను..."

"పొద్దుగాలనే చేసిన. ఆర్డర్ వచ్చింది. లారీలు భీ పోయినయ్."

గురులింగప్ప రెండు చేతులూ జోడించాడు. "మా చేనుకా సార్?"

"నా చేనుకు." దేవరాజ్ గారు ఒక బాలుషాయి నోట్లో పెట్టుకుని ఆప్యాయంగా అతని భుజం తట్టారు. "నువ్వు తినకుంటే నేను తిననట్టు కాలేదా? నా చెరుకు కొడ్తే నీది కొట్టినట్టే. మనం వేరే వేరేనా లింగప్పా?"

గురులింగప్ప చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు.

పట్టీ కూసింది. పక్కనే ఉన్న మైకు ఆ కూత అందుకుని హాలంతా కూసింది. చప్పట్లు ఆగిపోయాయి. ప్రణీత తన చేతిలోని స్క్రీన్ చూసింది. అక్కడున్న పేరు చూసింది. ట్రయల్ నియమం ప్రకారం లేచి నిలబడింది.

"దేవరాజ్ గారూ, మీకు చాలా కోపం వస్తోంది. ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకోండి."

ఎదురుగా కెమెరాలున్నాయి. దేవరాజ్ గారు నోటినిండా బాలుషాయితో, చిరునవ్వుతో, గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

పట్టీ కూస్తూనే ఉంది.