తంగేడి తన పేరు తాను చెప్పుకున్న రోజు

ఒక పెద్ద అడవిలో జరిగిన సంగతి ఇది. ఎంత పెద్ద అడవి అంటారా? ఈ కొసన ఏనుగు తుమ్మితే, ఆ కొసన వాళ్లు "చిరంజీవ" అనేసరికి ఆ ఏనుగుకి మనవలు పుట్టేవాళ్లు. అనుమానం ఉన్నవాళ్లు ఇప్పుడే చెయ్యెత్తండి. ముందున్నది ఇంతకన్నా పెద్దది, అప్పుడెత్తితే చెయ్యి చాలదు.

ఆ అడవిలో ఇప్పమ్మ అని ఒక ఎలుగుబంటి. చెట్టు పట్టుకుని ఊపిందంటే ఇప్పపూలతో పాటు నక్షత్రాలు కూడా నాలుగు రాలేవి. అంతటి ఇప్పమ్మకీ ఒక బెంగ ఉంది. కూతురు తంగేడి.

తంగేడికి నత్తి. మామూలప్పుడు కొంచెమే. సంతోషం వచ్చిందా, ఇక చూడండి! కోపం వచ్చినా అంతే, భయం వేసినా అంతే.

"అమ్మా, తే-తే-తే..." అని మొదలుపెడితే ఇప్పమ్మ వీపు గోక్కుంటూ తీరిగ్గా కూర్చునేది. "తేనెపట్టు! ఇం-ఇంత పెద్దది!" అని వచ్చేదాకా కదిలేది కాదు. ఆలస్యంగా వచ్చినా ఆ కబురు తియ్యగానే ఉండేది.

మరి బెంగ దేనికంటే, ఆ అడవిలో ఒక ఆచారం. తొలకరి పడగానే పిల్లలంతా సింహరాజు ముందు నిలబడి ఎవరి పేరు వాళ్లు చెప్పుకోవాలి. చెప్పుకుంటే ఆ పేరు ఖాయం. తడబడితే సభవారు తోచిన పేరు పెట్టేస్తారు, చచ్చేదాకా అదే. వెనకటికి ఓ ముళ్లపంది పిల్ల మధ్యలో ఇరుక్కుంటే సభంతా "ఆగాగు! ఆగాగు! ఊపిరి పీల్చుకో!" అని అరిచింది. పాపం, ముసలివాడైపోయినా ఇప్పటికీ అతని పేరు ఆగాగే. అసలు పేరేమిటో ఎవరూ ఎరగరు.

"నా బంగారుతల్లికి ఆ గతి పట్టకూడదు" అని ఇప్పమ్మ సభాధ్యక్షులు అడవిదున్నగారి దగ్గరికి పరుగెత్తింది.

దున్నగారు అక్కడికక్కడే కమిటీ వేశారు. ఆ విద్యలో ఆయనకి సాటి లేరు. నిరుడు చీమకి కాలు బెణికితే ఒక కమిటీ వేసి, ఆ కమిటీ పనితీరు చూడ్డానికి ఇంకో కమిటీ వేసిన ఘనులు. నిపుణుడిగా కొంగ, కార్యదర్శిగా నక్క కుదిరారు.

కొంగ ఒంటికాలి మీద నిలబడి తంగేడిని బాగా గమనించాడు. "పిల్లకి లోపల ఉప్పొంగినప్పుడు మాట చిక్కుపడుతోంది. సంతోషానికీ అంతే, భయానికీ అంతే" అన్నాడు.

కొంగ చెప్పింది అక్షరాలా నిజం. కమిటీ చేతిలో పాడవడానికి ఆ మాత్రం నిజం చాలు.

"అయితే తేలికే!" అంది నక్క. "ఉప్పొంగడం నిషేధిద్దాం."

"పిల్లకా?" అంది ఇప్పమ్మ.

"అడవి మొత్తానికి! ఎవరో ఒకరు నవ్వితేనే కదమ్మా పిల్ల నవ్వేది?"

మర్నాడే చాటింపు. కోతులు గెంతకూడదు, నడవాలి. వానొస్తే నెమలి పురి విప్పకుండా ఒక నమస్కారం పెట్టి ఊరుకోవాలి. దుమ్ములగొండి నవ్వు ఆపుకుని ఆపుకుని, ఎక్కిళ్లు పట్టుకుని, అవి వచ్చిన ప్రతిసారీ చింతచెట్టంత ఎత్తు ఎగిరిపడేది. చిరుతని చూసిన లేడి కెవ్వుమనకుండా "చిరుతగారు దయచేశారు" అనాలి. ఆ మర్యాద చిరుతకి ఎంత వంటబట్టిందంటే, నడుం పట్టక గుహ గుమ్మం పెద్దది చేయించుకుంది.

తంగేడి ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చింది. "అ-అ-అమ్మా! తే-తే..."

ఇప్పమ్మ ముఖం బండరాయిలా పెట్టుకోవాలి. పెట్టుకుంది.

పిల్ల ఆ ముఖం వంక చూసింది. "ఏం లేదు" అంది, ఒక్క తడబాటైనా లేకుండా.

నక్క గంతెయ్యబోయి, నిషేధం గుర్తొచ్చి నిలదొక్కుకుంది. "చూశావా ఇప్పమ్మా? నత్తి పోయింది!"

"నత్తి కాదయ్యా పోయింది," అంది ఇప్పమ్మ. "కబురు పోయింది."

ఆ రోజునుంచి తంగేడి నోరు విప్పలేదు. కమిటీ దాన్ని ఘనవిజయంగా ప్రకటించింది.

తొలకరి పడింది. సింహరాజు వేంచేశాడు. జూలు దులిపితే అడవి సగం ఎండిపోయింది, అంత గాలి! దున్నగారు స్వాగతం పలకడానికి లేచారు. ఇన్నాళ్లూ బిగబట్టిందంతా లోపల కుతకుతలాడుతోంది, పైగా ఎదురుగా రాజుగారు.

"మ-మ-మ-మ..." అని, అక్కడే ఇరుక్కున్నారు.

నక్క అందుకోబోయింది. "క-క-క..." అంతే సంగతులు.

కొంగ ముక్కు తెరిచాడు. మాటకి బదులు ఒక చిన్న చేప జారిపడింది.

దుమ్ములగొండి ఇంక ఆగలేకపోయింది. దాచిపెట్టుకున్న నవ్వంతా ఒక్కసారి బయటపడేసరికి ఏడు మద్దిచెట్లు పక్కకి ఒరిగాయి, ఏరు కాసేపు వెనక్కి పారింది. కోతులు గెంతాయి. నెమళ్లు పురి విప్పాయి. సింహరాజు పొట్ట పట్టుకుని దొర్లాడు. ఇప్పమ్మ బండరాయి ముఖం కూడా పగిలి నవ్వు బయటికొచ్చింది.

ఆ నవ్వు చూసింది తంగేడి. లేచి చకచకా రాజుగారి ముందుకి నడిచింది. అందరూ నవ్వి నవ్వి అలిసి చూస్తున్నారు.

పట్టలేని సంతోషం. మరి నత్తి? వచ్చింది. ఎన్నడూ రానంత వచ్చింది.

"నా పే-పే-పేరు త-త-త..."

"ఆగాగు, ఊపిరి పీల్చుకో" అందామని దున్నగారికి ఎంత ఆశో! నోరు "మ" దగ్గరే ఉండిపోయింది. తడబడింది కాబట్టి చెల్లదని నక్క అభ్యంతరం చెప్పాలి. దాని నోరింకా "క" దాటలేదు. అడవి పుట్టాక మొదటిసారి ఒక పిల్ల మాటకి ఎవరూ అడ్డు రాలేదు. ఇప్పమ్మ కూర్చుని తీరిగ్గా వీపు గోక్కుంది.

"త-త-తం-తంగేడి!"

"తంగేడి! ఖాయం!" అని గర్జించాడు సింహరాజు. "ఇంకా ఎవరైనా ఉన్నారా?"

వెనక వరసలోంచి ఒక ముసలి ముళ్లపంది లేచి నిలబడ్డాడు. "నే-నే-నేనూ చెప్పుకోవచ్చా?"

"చె-చెప్పు తాతా" అంది తంగేడి, అతని పక్కన కూర్చుంటూ. "మా-మాకేం తొందర లేదు."

నీతి: పిల్లల మాట పూర్తవ్వాలంటే పెద్దలకి నత్తి రావాలి.

నమ్మరా? అయితే ఆ ముళ్లపంది తాతే సాక్షి, ఆయన్నే అడగండి, కాకపోతే ఆయన పేరు చెప్పడం ముగించేదాకా కూర్చోవాలి: సూ-సూ-సూదిరాజు.